పాత గుడిని పడగొట్టకుడి



“మన గుడి పాతబడినది, అది చిన్నది, పొరుగూరి గుడి యెదుట దానిని చూపుకొనుటకు సిగ్గుగా నున్నది, పడగొట్టి పెద్దది కట్టుదము” అను మాట మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. ఈ మాట పలుకువారు భక్తిహీనులు కారు. వారిలో అనేకులు దేవుని యింటి యెడల ఆసక్తి గలవారే. అయినను ఆ మాట తప్పు అని చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను. ఊరక తప్పు అనిన ఎవరును వినరు. కనుక ఒక గ్రామ సంఘమువారు చేసిన పనిని, దాని ఫలమును మీ యెదుట నుంచెదను. చదివి మీరే తీర్పు తీర్చుడి.

ఆ గ్రామము ఇంగ్లాండు దేశములో నున్నది. ఇంగ్లీషు మిషనెరీల కాలమున కట్టబడి 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూచి వచ్చినవారు, ఇంగ్లాండులో ప్రతి పల్లెయందును అట్టి ఎత్తైన గోపురమే యుండునని తలంచుదురు. అది నిజము కాదు. ఆ దేశపు ఉత్తర భాగమున డర్హము అను జిల్లా కలదు. అందులో బిషప్ ఆక్లండు అను పట్టణమునకు దగ్గర, వియర్ అను నది సమీపమున, ఎస్కంబు అను చిన్న గ్రామమున్నది. అచ్చటి గుడికి గోపురమే లేదు. సంఘము కూర్చుండు భాగము సుమారు 43 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు మాత్రమే. నాలుగు మంచములు ప్రక్కప్రక్కన వేసిన ఆ వెడల్పు నిండిపోవును. దాని తూర్పు కొనను బలిపీఠముండు గది పది అడుగుల చదరము. గోడలు మాత్రము ఎత్తైనవి. సుమారు 23 అడుగులు. ఇంతే ఆ గుడి.

అయితే అది ఎప్పటిది? క్రీస్తు శకము 675 ప్రాంతమున కట్టబడినది. అనగా దానికి సుమారు 1350 ఏండ్లు. ఇంగ్లాండులో ఆ తొలి కాలపు గుళ్లు ఇంచుమించు పూర్తిగా నిలిచియున్నవి మిక్కిలి కొన్నియే. వాటిలో ఇది యొకటి.

అది కట్టిన దినములలో ఆ ప్రాంతమునకు నార్తంబ్రియా రాజ్యమని పేరు. అచ్చటి ప్రజలు సువార్తను అంగీకరించి ఎన్నో ఏండ్లు కాలేదు. ఇంగ్లీషు సంఘ చరిత్రను వ్రాసిన బీడ్ అను భక్తుడు అప్పటికి చిన్న బాలుడు. అదే నది సముద్రములో కలియు చోట 674లో ఒక మఠము స్థాపించినప్పుడు, రాతి గుడి కట్టుటకు గాలు దేశమునుండి, అనగా నేటి ఫ్రాన్సునుండి, తాపీ పనివారిని పిలిపించవలసి వచ్చెనని ఆయనయే వ్రాసియున్నాడు. స్వదేశములో ఆ పని తెలిసినవారు అంత తక్కువ.

మరి ఎస్కంబువారికి చెక్కిన రాళ్లు ఎక్కడివి? కొద్ది మైళ్ల దూరమున బించెస్టరు అను చోట రోమీయుల పాత కోట యొకటి పాడుపడియుండెను. రోమీయులు ఆ దేశమును విడిచి అప్పటికే రెండు వందల యేబది ఏండ్లు దాటెను. ఆ కోట రాళ్లనే తెచ్చి దేవుని యిల్లు కట్టిరని పండితులు తలంచుచున్నారు. నేటికిని ఆ గోడలలో రోమీయుల ఉలి గాట్లు కనబడును. గోడ క్రింది వరుసలలో పెద్ద పెద్ద రాళ్లు. గుమ్మముల ప్రక్కలను ఒక రాయి నిలువుగా, దానిపై నొకటి అడ్డముగా, మరల నిలువుగా పేర్చిరి. అడ్డపు రాయి గోడలోనికి చొచ్చుకొనిపోయి నిలువు రాతిని బిగించి పట్టుకొనును. లోపల సంఘ భాగమునకును బలిపీఠపు గదికిని నడుమ ఇరుకైన ఎత్తైన కమాను ఒకటి కలదు. అదియు రోమీయుల కట్టడమునుండి రాయి రాయిగా విప్పి తెచ్చి నిలిపినదేయని చెప్పుదురు.

మొదటి కిటికీలు చిన్నవి, ఎత్తున నున్నవి. వెలుపల సన్నముగా నుండి లోపలికి వెడల్పగును. చలిగాలి తక్కువగా దూరును, వచ్చిన కొంచెము వెలుగు లోపల విరివిగా పరచుకొనును. ధనము లేనివారి తెలివి అట్టిది. దక్షిణపు గోడ మీద రాతిలో చెక్కిన నీడ గడియారమొకటి యున్నది. దాని చుట్టును సర్పాకారము. పలకపై కొన్ని గీతలు మాత్రమే. పొలములోని రైతునకు నిమిషములతో పని లేదు. ప్రార్థన వేళ తెలిసిన చాలును.

ఇప్పుడు ఉత్తరపు గోడలోని ఒక రాతిని చూడుడి. దాని మీద రోమా సైన్యపు ఆరవ దండు పేరు చెక్కబడియున్నది. ఆ దండు 122 ప్రాంతమున ఆ దేశమునకు వచ్చినది. లోకమును గడగడలాడించిన సైన్యములో నొక భాగము. గుడి కట్టినవారు ఆ రాతిని ఎట్లు పెట్టిరి? తలక్రిందుగా పెట్టిరి! వారికి చదువు రాకపోయెనో, వచ్చియు లక్ష్యపెట్టలేదో. చక్రవర్తి సైన్యపు పేరు దేవుని గుడి గోడలో పదమూడు వందల ఏండ్లుగా తలక్రిందుగా నిలిచియున్నది. ఆ గుడిని కట్టిన మేస్త్రీ పేరు, కట్టించినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు. మన సంఘములలో శిలాఫలకము మీద ఎవరి పేరు పైన నుండవలెను, ఎవరి పేరు క్రింద నుండవలెను అని పోట్లాడుకొను పెద్దలారా, ఈ రాతిని ఒకసారి తలంచుకొనుడి.

తరువాత వచ్చిన తరములవారు ఏమి చేసిరి? గుమ్మము ముందర వాకిలి మండపము చేర్చిరి. వెలుగు చాలనప్పుడు కొత్త కిటికీలు తొలిచిరి. ప్రతి తరము తనకు కావలసినది కలిపెను గాని, ఉన్నదానిని పడగొట్టలేదు. ఇట్లు దాదాపు పండ్రెండు వందల ఏండ్లు గడిచెను.

అప్పుడు ఆ చుట్టుపట్ల బొగ్గు గనులు, ఇనుప కార్ఖానాలు వచ్చెను. 1846లో సమీపమున పెద్ద ఇనుప కార్ఖానా తెరువబడెను. జనము పెరిగిరి. పాత గుడి చాలదనిరి. 1863లో ఊరి మీది మిట్టపై కొత్త గుడి, పెద్ద గుడి కట్టిరి. ఇంతవరకు వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. జనము నిలువ చోటు లేనప్పుడు చోటు చేయుట ధర్మమే. వారి తప్పు మరియొకటి. కొత్త గుడికి వెళ్లిన దినమునుండి పాతదానిని మరచిపోయిరి. కప్పు చూచువాడు లేకపోయెను. కొద్ది కాలములోనే అది పాడుబడసాగెను. పండ్రెండు వందల ఏండ్ల గాలివానలు పడగొట్టలేని దానిని, కొద్ది ఏండ్ల అశ్రద్ధ ఆ స్థితికి తెచ్చెను!

దేవుని కృప వలన దాని విలువ తెలిసినవారు కొందరు లేచిరి. 1875 మొదలు 1880 వరకు దానిని బాగుచేసిరి. 1965లో మరల మరమ్మతు జరిగెను. మరి మిట్ట మీది పెద్ద గుడి ఏమాయెను? చదువరీ, ఇది గమనింపుము. కట్టిన తరువాత సుమారు నూరేండ్లకే అది నిలుపుకొనదగనిదాయెను. 1970 ప్రాంతమున దానిని పడగొట్టివేసిరి. సంఘము కొండ దిగి, తాను విడిచిపోయిన చిన్న గుడికే తిరిగి వచ్చెను. నేడును అచ్చటనే ఆరాధన జరుగుచున్నది. చాలదని విడువబడినది నిలిచెను. గొప్పదని కట్టబడినది పోయెను.

ఇప్పుడు మన వారి వాదములను చూతము.

“దేవుని యిల్లు ఘనముగా నుండవద్దా? సొలొమోను బంగారముతో కట్టలేదా? హగ్గయి ప్రవక్త జనులను గద్దింపలేదా?” అని కొందరందురు. హగ్గయి ఎందుకు గద్దించెనో చూడుడి. మందిరము చిన్నదైనందుకు కాదు. జనులు తమ యిండ్లను చక్కబెట్టుకొని, దేవుని మందిరమును పాడుగా విడిచినందుకు గద్దించెను. ఆ గద్దింపు తగులవలసినది, గుడి కప్పు కారుచుండగా ఏండ్ల తరబడి ఒక పెంకు మార్చక, చివరకు “ఇది పాతబడినది, పడగొట్టుదము” అను మన వారికే.

“మరమ్మతులకు పెట్టు డబ్బు నీళ్లపాలు, కొత్తది కట్టిన బెడద వదలును” అని మరికొందరందురు. కొత్తది కట్టినవారికి బెడద వదలునా? ఎస్కంబు మిట్ట మీది గుడి సమాధానము చెప్పినది. 1877లో ఆ దేశమున విలియం మోరిస్ అను ఆయనయు ఆయన స్నేహితులును పాత కట్టడములను కాపాడుటకు ఒక సమాజమును స్థాపించిరి. వారు బోధించినది ఏ రైతునకైనను తెలిసిన సంగతియే: దినదినము చేయు చిన్న పని వలన పెద్ద పని తప్పును. వాన నీరు పోవు దారి మూసికొనిపోకుండ చూచుకొన్న గోడ నిలుచును. చూడనియెడల ఎంత గట్టి గోడయైనను నానును.

పరిశుద్ధ గ్రంథములో మందిరము కట్టిన చరిత్రను మనము పదే పదే చదువుదుము గాని, బాగుచేసిన చరిత్రను చదువము. యోవాషు రాజు దినములలో ఇరువది మూడవ ఏటివరకు యాజకులు మందిరమును బాగుచేయలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రము చేసి, బలిపీఠము దగ్గర నుంచెను. పడిన రూకలను ఇద్దరు లెక్కించి తిన్నగా పనివారి చేతికిచ్చిరి. యోషీయా దినములలో మరల బాగుచేయుచుండగా ఏమి జరిగెను? పోయిన ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. దానిని పడగొట్టుచుండగా కాదు, బాగుచేయుచుండగా దొరికెను!

ఇంకొక సంగతి యున్నది. ఇదియే అన్నిటికంటె బరువైనది. పెద్ద గుడి కట్టదలచిన సంఘములో ఇంటికింత యని చందా వేయుదురు. ఉన్నవాడు ఇచ్చి తన పేరు చెక్కించుకొనును. లేనివాడు అప్పు చేసి యిచ్చును. లేక ఇయ్యలేక సిగ్గుపడి ఆరాధనకు రాక మానును. రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకొనిన ప్రభువు పేరట, అట్టి విధవరాలినే గుడి గుమ్మమునుండి మరలించుదుమా? పునాది త్రవ్వినప్పుడే మనుష్యులను పోగొట్టుకొనిన గుడి, పూర్తియైనను ఎవరి కొరకు?

మరియు మీ పాత గుడిని కట్టినదెవరు? మీ తాత మట్టి మోసెను. మీ అవ్వ నీళ్లు తెచ్చి పోసెను. కూలి డబ్బులో నుండి అణా అణా తీసి వారు పెంకులు కొనిరి. వారి పేర్లును ఎస్కంబు మేస్త్రీ పేరువలె ఎక్కడను చెక్కబడలేదు. ఆ గోడయే వారి సాక్ష్యము. దానిని ఒక్క దినములో పడగొట్టి మన్ను బండ్లకెత్తుటకు మనకు చేతులెట్లు వచ్చును?

నేను చెప్పని మాటను నాకు అంటగట్టకుడి. కొత్త గుడి ఎన్నడును కట్టరాదని నేననుట లేదు. గోడ నిజముగా కూలనున్న యెడల బిడ్డలను దాని క్రింద కూర్చుండబెట్టకుడి. అయితే అది కూలనున్నదో లేదో కొత్త పని ఆశించు కంట్రాక్టరును అడుగకుడి. ఆ పనితో లాభము లేని మంచి మేస్త్రీని అడుగుడి. జనము నిజముగా పెరిగిన యెడల, పాతదానికి ఒక వసారా చేర్చుడి. లేదా రెండవది కట్టుడి. పాతదానిని మాత్రము బడికో, ప్రార్థనకూటమునకో వాడుచు, దాని కప్పు మీద కన్నుంచుడి.

కాబట్టి సంఘ పెద్దలారా, మీ తదుపరి కూటములో “ఎంత పెద్దది కట్టుదము” అని మొదలుపెట్టకుడి. వానలు రాకముందే నిచ్చెన వేసి కప్పెక్కి చూడుడి. పగిలిన పెంకు మార్చుడి. గోడ మీద మొలచిన రావి మొక్కను వేళ్లతో పెరికివేయుడి. పునాది ప్రక్కను నీరు నిలువకుండ కాలువ తీయుడి. మరమ్మతుల కొరకు వేరుగా ఒక పెట్టె పెట్టి, ఇద్దరు కలిసి లెక్కించి, ఆ లెక్క సంఘము ముందర చదువుడి. ఇవన్నియు చేసిన తరువాతను మీ గుడి చాలదని తోచిన యెడల, అప్పుడు మోకాళ్లూని యోచింపుడి.

పితరులు మనకప్పగించిన చిన్న యింటిని నమ్మకముగా కాచుకొను మనస్సును ప్రభువు మీకును నాకును దయచేయును గాక.