కబాడీ కుప్పలో మన జబాన్

పాత సీడీల్ని కబాడీవాడికి తూకానికి వేసే ముందు ఆ కుప్పను ఒక్కసారి తిరగేయండని మన ఖాందాన్‌లన్నిటికీ నా గుజారిష్. పాత సామాన్ల దుకాణంలో సీడీల అట్టపెట్టె కనబడినా అంతే, ఒక పది నిమిషాలు దాని ముందు కూర్చోండి. డబ్బింగ్ సినిమాలు, కంప్యూటర్ పాఠాలు, ఎవరిదో షాదీ వీడియో, వాటి మధ్యలో ఎక్కడో 'ది అంగ్రేజ్' గానీ 'హైదరాబాద్ నవాబ్స్' గానీ ఉండొచ్చు. దొరికితే వదలొద్దు. మనం ఇంట్లో మాట్లాడుకునే జబాన్ తెర మీద వినబడిన సందర్భాలు చాలా తక్కువ. ఆ తక్కువలో చాలా భాగం ఇలాంటి పెట్టెల్లోనే ఉంది.

పెదకూరపాడులాంటి ఊళ్ళో ముసల్మాన్ పిల్లాడికి మూడు జబాన్‌లు. బజార్లో తెలుగు. అరబీ మదర్సాలో ఉస్తాద్ నేర్పే కితాబీ ఉర్దూ. గడప లోపల అమ్మీ, నానీమా మాట్లాడేది మూడోది, ఊళ్ళోవాళ్ళు 'తురకం' అనేది. దానికి బడి లేదు, కితాబు లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఉర్దూకి రెండో అధికార భాష హోదా ఇచ్చింది, మంచిదే. కానీ ఆ హోదా దక్కింది కితాబీ ఉర్దూకి. వంటింట్లో వినబడే మాటకి కాదు.

ఈ వంటింటి మాట గలత్ ఉర్దూ అని మనలో చాలామంది నమ్ముతారు. కాస్త గౌర్ చేసి చూడండి. 'వస్తానని చెప్పాడు' అనడానికి దక్కనీలో 'ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటారు. ఆ 'బోల్‌కే' అచ్చంగా తెలుగు 'అని' చేసే పనే చేస్తోంది. 'వచ్చాడంట' అనడానికి 'ఆయా కతె' అంటారు. 'కతె' అంటే మన 'అంట'. ఢిల్లీ, లఖ్‌నవూ వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఉండాలి కూడా. వందల ఏళ్ళు తెలుగుతో ఇరుగుపొరుగు చేసిన జబాన్ ఇది. హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా దక్కనీలోనే షాయరీ చెప్పాడు. ముల్లా వజహీ 1635లో 'సబ్‌రస్' రాసిందీ దీంట్లోనే. అప్పుడు దర్బార్‌లో కూర్చున్న జబాన్, ఇప్పుడు స్కూల్ గేటు దగ్గర అమ్మీ మాట్లాడితే పిల్లలు షరమ్ పడే జబాన్ అయింది.

ఈ షరమ్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే 1965 చూడాలి. ఆ ఏడాది బంబయిలో 'గుమ్‌నామ్' వచ్చింది. అందులో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడి ముల్క్ మొత్తాన్ని నవ్వించాడు. పాత్ర ఏమిటి? బంగళాలో నౌకర్. అదే ఏడాది హైదరాబాద్‌లో బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' నాటకం మొదలుపెట్టాడు. అందులో చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు ఉన్న మనిషి అదే జబాన్‌లో తన బాధ చెప్పుకున్నాడు. జనం నవ్వారు, కానీ నవ్వింది తమ ఇంటి కష్టం మీద. ఆ నాటకం దశాబ్దాలపాటు ఆడింది, గిన్నిస్ బుక్‌లోకీ ఎక్కింది. ఒకే ఏడాది, ఒకే జబాన్. ఒకచోట మాట్లాడే తీరు చూసి నవ్వారు, ఇంకోచోట మాట్లాడిన మాట విని నవ్వారు. ఈ ఫరక్ ముఖ్యం. సినిమాల్లో ఎక్కువగా మొదటి రకమే నడిచింది. మన భాయీ తెర మీదికి వస్తే యాస వినబడగానే హాల్లో నవ్వు. అతను ఏం చెబుతున్నాడో వినే పని లేదు.

అందుకే 2006లో వచ్చిన 'ది అంగ్రేజ్' మనకు పెద్ద విషయం. డైరెక్టర్ కుంట నిఖిల్. చార్మినార్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ, జహాంగీర్. ఈ ముగ్గురికీ అమెరికా నుంచి వచ్చిన కుర్రాళ్ళతో తగువు. కథ ఇంతే. కానీ అందులో దక్కనీ మాట్లాడేవాళ్ళు పక్కపాత్రలు కారు, సినిమా వాళ్ళదే. ఇస్మాయిల్ భాయ్‌గా చేసిన నటుడు ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. ఆ జబాన్ ఒక్క కౌమ్‌ది కాదు, హైదరాబాద్ షహర్‌ది అని ఆ పేరే చెబుతుంది. టాకీసు నుంచి దిగిపోయాక ఆ సినిమా సీడీల్లో బతికింది. పల్నాడు పిల్లలు కూడా డైలాగులు కంఠస్థం చేశారు. కల్ట్ సినిమా అంటే ఇదే. పత్రికలు మెచ్చుకున్నాయా లేదా అన్నది వేరే సంగతి, జనం నోట్లో మిగిలిందా లేదా అన్నదే లెక్క.

దీని ఐబులు కూడా చెప్పుకోవాలి. ఈ సినిమాల్లో పాతబస్తీ కుర్రాడంటే పనీపాటా లేనివాడు. గాలీలు ఉన్నాయి, ఇంట్లో అందరూ కూర్చుని చూడలేని చోట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద లోటు, ఇంటి లోపలి ఆడవాళ్ళ గొంతు దాదాపు వినబడకపోవడం. జబాన్‌ని బతికించింది వాళ్ళే అయినా సినిమాలో దాన్ని మొగాళ్ళే తీసేసుకున్నారు. సినిమాలన్నీ ఫుజూల్ అనే బుజుర్గ్‌ల మాటనీ నేను కాదనను. కానీ ఫుజూల్ అని పక్కన పెట్టడం వేరు, ఉన్న ఒక్క గవాహీనీ తూకానికి అమ్మడం వేరు.

'అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా భాయ్' అంటారు. ఉన్నాయి, ఎవరో పెట్టారు గనక. వాళ్ళు తీసేస్తే పోతాయి. 1931లో వచ్చిన మొదటి బోల్తీ సినిమా 'ఆలం ఆరా' ప్రింట్ ఈ రోజు ఒక్కటీ లేదు. అంత పేరున్న సినిమాకే ఆ గతి పట్టింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకే అమ్మితే ఇంటింటికీ సినిమా చేరింది. చవగ్గా వచ్చింది గనక చవగ్గానే పోతోంది. ఆ కంపెనీ కూడా 2018లో మూతపడే దారి పట్టింది.

కుప్పలో వెతికేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వీసీడీలో ఒక డిస్కుకి గంటా పావు చిల్లర మాత్రమే పడుతుంది గనక సినిమా రెండు మూడు డిస్కుల్లో ఉంటుంది. కవర్ తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూడండి. వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, సూది బెజ్జాల్లాంటివి కనబడితే ఆ డిస్కు సరిగ్గా ఆడకపోవచ్చు. గీతలు కిందివైపు పడితే ఫర్వాలేదు, చాలాసార్లు ఆడుతుంది. బొమ్మ ఉన్న పైవైపు లోతుగా పడితే కష్టం, అసలు సరుకు ఆ రంగు కిందే ఉంటుంది. ఇంటికి తెచ్చాక మీ కోసం కంప్యూటర్‌లో ఒక కాపీ చేసి పెట్టుకోండి.

దాచుకోవడం సగం పనే. మిగతా సగం ఉమర్ షరీఫ్, 'ఫిఫ్టీ ఫిఫ్టీ' నేర్పుతాయి. 1978లో పాకిస్తాన్ టీవీలో మొదలైన 'ఫిఫ్టీ ఫిఫ్టీ' చిన్న చిన్న ఖాకాల కార్యక్రమం. ఫౌజీ హుకూమత్ రోజుల్లో దఫ్తర్‌ల మీద, పెద్దమనుషుల మీద నవ్విస్తూనే తంజ్ చేసింది. ఉమర్ షరీఫ్ 'బక్రా ఖిస్తోఁ పే' 1989 నాటిది, కేసెట్ల మీద సరిహద్దు దాటి మన ఇళ్ళ దాకా వచ్చింది. వాటి ఉర్దూ కరాచీది, మనది కాదు. కానీ ఆ పద్ధతి మనకు పనికొస్తుంది. ఖాకాకి కావలసింది ఒక గది, ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాలు.

అంత మాత్రం మనింట్లో లేదా? రేషన్ షాపు దగ్గర ఖాలా తగువు, పెళ్ళిచూపుల్లో ఫుప్పీ సవాళ్ళు, మిర్చి రేటు మీద చచ్చా వాదన. ఈద్‌కి పిల్లలంతా చేరినప్పుడు ఇలాంటిదొకటి మన పల్నాడు జబాన్‌లో ఆడించి ఫోన్‌లో తీయండి. నానీమాని పక్కన కూర్చోబెట్టి మాటలు సరిచేయమనండి. హైదరాబాద్ జబాన్‌కి 'అంగ్రేజ్' ఉంది. మన పల్నాడు మాటకి నాకు తెలిసి ఒక్క డిస్కూ లేదు. రేపు ఏ కబాడీ కుప్ప వెతికినా దొరకదు, మనం ఇప్పుడు తీస్తే తప్ప.