గేట్లకు కాపలా సరే, కొండకెవరు?

2023 నవంబరు 29 రాత్రి ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీదికొచ్చి, 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. తెల్లారితే తెలంగాణలో పోలింగు. కుడికాల్వకు నీళ్లు వదిలారు. ఆఖరికి సీఆర్పీఎఫ్ దిగింది. ఈ లొల్లి మా రామన్నపేటలో తెలియనిదెవరికి? అదే జలాశయం నడుమ ఉన్న నాగార్జునకొండ మాత్రం ఏ పంచాయితీలోనూ లేదు.

1955 డిసెంబరులో నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే ఆ కొండ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునగడం ఖాయమైంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండమీద, ఒడ్డున అనుపులో తిరిగి కట్టారు. మిగతావి నీళ్లపాలు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట ఆయన మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలిపిన చోటది. కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లు శాసనంలోకెక్కిన చోటది.

నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరమూ మునిగింది. పాలమూరులో శ్రీశైలం నీళ్లకు కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి తరలాడు.

ఇంత పోగొట్టుకుని కూడా రెండు రాష్ట్రాలకూ బుద్ధి రాలేదు! కృష్ణాలో 811 టీఎంసీలను 512, 299గా పంచుకోవడం తెలుసు. చుక్క చుక్కకూ తగవులాడటం తెలుసు. నీటికి కృష్ణా బోర్డు ఉంది, మరి రాళ్లకు?

కేంద్ర పురావస్తు శాఖ ఉందిగా అనేవాళ్లుంటారు. కొండమీది మ్యూజియం ఆ శాఖదే. లాంచీలు, రేవులు, నీటిమట్టం మాత్రం దాని చేతిలో లేవు. ముందు సాగునీరు, తర్వాతే రాళ్లు అనేవాళ్లకు ఒకటే జవాబు: కింద అడిగే కోరికల్లో ఏ ఒక్కటీ రైతుకు చుక్క నీరు తగ్గించదు.

రెండు దేశాల తగవులో ఉన్న ప్రీహ్ విహార్ గుడి కంబోడియాదని 1962లోనే అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. అయినా 2011లో థాయ్, కంబోడియా సైన్యాల కాల్పుల్లో ఆ గుడికే దెబ్బలు తగిలాయి. ఇక్కడ అంతదాకా రానివ్వాలా?

రెండు రాష్ట్రాలు, కేంద్ర పురావస్తు శాఖ కలిసి వెంటనే ఒప్పందం రాసుకోవాలి. డ్యాం మీద ఏం జరిగినా రెండు ఒడ్ల నుంచీ కొండకు లాంచీలు ఆగకూడదు. కొండ, అనుపు, రేవుల దగ్గర పోలీసు పికెట్లు, ముళ్లకంచెలు పెట్టకూడదు. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిథిలాలను ఉమ్మడిగా కొలిచి, ఫొటోలు తీసి, ఆ నివేదికను జనం ముందు పెట్టాలి. కృష్ణా బోర్డులో ఇంజినీర్ల పక్కన ఒక పురావస్తు నిపుణుడికీ కుర్చీ వేయాలి.

రామన్నపేట మొదలు సాగర్ దాకా ప్రతి గ్రామసభా ఈ నాలుగు కోరికలనూ తీర్మానం చేసి, కలెక్టర్ల చేతికీ ఎమ్మెల్యేల చేతికీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.