గిన్నెలోని ఆహారం, నేలలోని ఆహారం

బ్రిటన్‌లోని ఇళ్ళ పెరటి తోటలకు పొద్దు గూకిన తరువాత ఒక చిన్న అతిథి వస్తుంది. వీపు నిండా వేలాది ముళ్ళు, మొనదేలిన మూతి, పొట్టి కాళ్ళు. అలికిడి వినబడగానే బంతిలా ముడుచుకొనే స్వభావం. ఆంగ్లంలో హెడ్జ్‌హాగ్ అని పిలిచే ఈ జంతువును మనం ముళ్ళెలుక అనవచ్చు. పేరులో ఎలుక ఉన్నప్పటికీ ఇది ఎలుకల వర్గానికి చెందినది కాదు. ముళ్ళపందిగా మనం ఎరిగిన ఏదుపందితోనూ దీనికి చుట్టరికం లేదు. ఏదుపంది దుంపలు, వేళ్ళు, బెరడు తిని బ్రతికే జంతువు. ముళ్ళెలుక ప్రధానంగా కీటకాహారి.

తరతరాలుగా అక్కడి గృహస్థులు ఈ అతిథి కోసం పళ్ళెంలో పాలు పోసి, అందులో రొట్టె ముక్కలు నానబెట్టి పెరట్లో ఉంచేవారు. అది దయతో చేసిన పనే. అయితే ఆ దయ ఆ ప్రాణికి మేలు చేయలేదు. ఆ తప్పును సరిదిద్దే ప్రయత్నంలోనే మరొక తప్పు వ్యాపించింది. ఈ రెండు తప్పుల వెనుక అంతకంటే పెద్ద సమస్య ఒకటి చాలాకాలం మరుగున పడి ఉంది. రైతులకు, గృహస్థులకు సలహాలు చెప్పడమే వృత్తిగా గల విస్తరణ శాస్త్రవేత్తలు, ఆ వృత్తిలోకి రాబోయే విద్యార్థులు ఈ ఉదంతాన్ని శ్రద్ధగా పరిశీలించవలసి ఉందని నా అభిప్రాయం. గిన్నెలో ఏమి పెట్టాలన్న సలహా, నేలలో ఏమి మిగలాలన్న సలహాతో కలిసి సాగకపోతే అది సగం సలహా మాత్రమే అవుతుంది.

పాలు, రొట్టె: మొదటి తప్పు

యూరప్ ముళ్ళెలుక సహజాహారంలో పెంకుపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు ముఖ్యమైనవి. రోకలిబండలు, గుల్లలేని నత్తలు, అప్పుడప్పుడు నేలపై గూళ్ళలో దొరికే పక్షి గుడ్లు కూడా తింటుంది. అంటే మాంసకృత్తులు అధికంగా, పిండి పదార్థాలు అల్పంగా ఉండే ఆహారానికి దాని జీర్ణవ్యవస్థ అలవాటు పడింది.

తల్లిపాలు మానిన తరువాత ఆవుపాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసుకొనే శక్తి దానికి తగినంత ఉండదు. జీర్ణం కాని లాక్టోజ్ పేగులలో నీటిని నిలుపుతుంది, సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి, విరేచనాలు పట్టుకొంటాయి. కిలో బరువైనా లేని అనేక ముళ్ళెలుకలకు విరేచనాలంటే శరీరం నుండి నీరు త్వరగా హరించుకుపోవడమే. లేత పిల్లలకు అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ఇక రొట్టె విషం కాదు గాని, దానితో కడుపు నిండుతుందే తప్ప ఆ ప్రాణికి కావలసిన మాంసకృత్తులు అందవు. కడుపు నిండిన జంతువు వేటకు వెళ్ళదు. పోషణ లేకుండా ఆకలి మాత్రం తీర్చడమే ఇక్కడి హాని.

ఈ తప్పు అంతకాలం నిలవడానికి కారణం కూడా గమనార్హమైనదే. పెట్టినది జంతువు ఇష్టంగా తిన్నది. తిన్నది కాబట్టి మంచిదే అయి ఉంటుందని పెట్టినవారు తృప్తి చెందారు. విరేచనాలతో అది ఏ పొదలో పడి ఉన్నదో వారికి కనబడలేదు. పశువు ఇష్టంగా తినడం మేత నాణ్యతకు ప్రమాణం కాదని పశుపోషణ పాఠాలలో మొదటి రోజే చెప్పుకొంటాం. కళ్ళెదుట లేని ఫలితాన్ని రైతుకు చూపించడం ఎంత కష్టమో క్షేత్రస్థాయిలో పనిచేసినవారందరికీ అనుభవమే.

మీల్‌వార్మ్‌లు: శాస్త్రీయంగా కనిపించిన రెండవ తప్పు

పాలు, రొట్టె వద్దన్న ప్రచారం క్రమంగా ప్రజలకు చేరింది. మరి ఏమి పెట్టాలి? కీటకాహారికి కీటకాలే తగిన ఆహారం కదా అన్న తర్కం అనేకమందికి సహజంగా తోచింది. తోట పక్షుల కోసం దుకాణాలలో అమ్మే ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లు, అంటే ఒక జాతి పెంకుపురుగు లార్వాలు, ముళ్ళెలుకల గిన్నెలలోకి చేరాయి. ముళ్ళెలుకలు వాటిని ఎగబడి తింటాయి. ఇతర ఆహారం పక్కన ఉన్నా వాటినే ఏరుకొంటాయి.

ఇక్కడ సమస్య ఖనిజాల నిష్పత్తిలో ఉంది. మీల్‌వార్మ్‌లలో కాల్షియం కంటే భాస్వరం అనేక రెట్లు ఎక్కువ. ఆహారంలో ఈ రెండింటి సమతౌల్యం తప్పినప్పుడు రక్తంలో కాల్షియం స్థాయి పడిపోతుంది. దానిని నిలబెట్టడానికి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుండి కాల్షియంను బయటికి లాగుతుంది. ఈ స్థితి కొనసాగితే ఎముకలు పెళుసుబారి వంగుతాయి, విరుగుతాయి. జంతువు నడవలేని స్థితికి చేరుతుంది. ఈ విధంగా దెబ్బతిన్న ముళ్ళెలుకలను గమనించి ముందుగా హెచ్చరించినవారు ప్రధానంగా వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలవారు, పశువైద్యులు. పొద్దుతిరుగుడు పప్పు, వేరుశనగ పప్పు విషయంలోనూ వారి హెచ్చరిక ఇదే.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే తవుడు అధికంగా వాడే దాణాలో ఖనిజ మిశ్రమం కలపమంటాం. గుడ్లు పెట్టే కోళ్ళకు షెల్ గ్రిట్ ఇవ్వమంటాం. పాడి రైతుకు మనం చెప్పే పాఠమే పెరటి తోటలోని అడవి ప్రాణికీ వర్తిస్తుంది. సహజాహారంలో ముళ్ళెలుక పలు రకాల పురుగులను, వానపాములను, నత్తలను కలిపి తింటుంది. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. ఒకే కీటకాన్ని ఎండబెట్టి గిన్నె నిండా పోసినప్పుడు ఆ వైవిధ్యం నశిస్తుంది. కీటకాహారికి కీటకం పెట్టాం కదా అన్న సమాధానం సరిపోదు. ఏ కీటకం, ఎంత, వేటితో కలిపి అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

ఏది వద్దో చెప్పి ఏది కావాలో అంతే స్పష్టంగా చెప్పని సలహా ఒక ఖాళీని సృష్టిస్తుంది. ఆ ఖాళీని సగం తెలిసిన తర్కమో, అంగట్లో సులభంగా దొరికే సరుకో నింపుతుంది.

హితమైన ఆహారం

నేడు అక్కడి సంరక్షణ సంస్థలు చెప్పే మాట సరళమైనది. మాంసం ప్రధానంగా గల కుక్క ఆహారం లేదా పిల్లి ఆహారం, లేదా ముళ్ళెలుకల కోసమే తయారైన నాణ్యమైన ఆహారం కొద్ది పరిమాణంలో పెట్టాలి. పిల్లుల కోసం చేసిన పొడి బిస్కట్లు కూడా పనికివస్తాయి. తాగడానికి లోతులేని పళ్ళెంలో మంచినీరు మాత్రమే ఉంచాలి. ఎండాకాలంలో ఆహారం కంటే నీరే ముఖ్యం. ఉప్పు, మసాలా, తీపి కలిసిన ఇంటి వంటకాలు పెట్టరాదు.

పెట్టే విధానమూ ఆహారమంత ముఖ్యమైనదే. చీకటి పడే వేళ పెట్టి, మిగిలినది ఉదయాన్నే తీసివేయాలి. పిల్లులు, నక్కలు తినకుండా సుమారు 13 సెంటీమీటర్ల ద్వారం గల పెట్టెలో ఉంచాలి. గిన్నెలను ప్రతిదినం కడగాలి. ఒకే గిన్నె వద్దకు అనేక జంతువులు చేరితే సాల్మొనెల్లా వంటి వ్యాధికారకాలు ఒకదాని నుండి మరొకదానికి, వాటి నుండి మనిషికి కూడా సోకే అవకాశం ఉంది. కోళ్ళ షెడ్డులో మనం పాటించే పరిశుభ్రతా నియమాలే ఇక్కడా వర్తిస్తాయి.

అడవి జంతువుకు ఆహారం పెట్టడమే తప్పని వాదించేవారు ఉన్నారు. ఆ వాదాన్ని తేలికగా తీసివేయలేం. ముళ్ళెలుక శీతాకాలంలో సుప్తావస్థలోకి వెళ్ళే జంతువు. గృహస్థులు ఆహారం పెట్టే తీరు ఆ కాలంలో వాటి సంచారంపై ప్రభావం చూపుతుందని రెడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం సూచించింది. అయినప్పటికీ సంపూర్ణ నిషేధం సరైన మార్గమని నేను భావించను. ఆలస్యంగా పుట్టిన పిల్లలు శరత్కాలం ముగిసేలోగా కనీసం 450 గ్రాముల బరువైనా చేరకపోతే శీతాకాలం దాటడం కష్టం. వర్షాభావంలో నేల గట్టిపడితే వానపాములు లోతుకు పోతాయి. అటువంటి సమయాలలో సరైన ఆహారం ప్రాణం నిలుపుతుంది. అయితే అది ఆపత్కాల సహాయంగా, సహజాహారానికి అనుబంధంగా ఉండాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

గిన్నె వెనుక మరుగుపడినది

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. వేల ఏళ్ళుగా తన ఆహారాన్ని తానే వెదుక్కొన్న ప్రాణికి ఇప్పుడు గిన్నె ఎందుకు అవసరమైంది?

2022లో వెలువడిన బ్రిటన్ ముళ్ళెలుకల స్థితి నివేదిక ప్రకారం, 2000 నుండి గ్రామీణ ప్రాంతాలలో వీటి సంఖ్య ప్రాంతాన్నిబట్టి 30 నుండి 75 శాతం వరకు తగ్గింది. పట్టణ ప్రాంతాలలో మాత్రం క్షీణత ఆగి కొంత నిలకడ కనిపించింది. 2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్టులో ఈ జాతి ముప్పుకు గురయ్యే వర్గంలో చేరింది. 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య యూరప్ ముళ్ళెలుకను ముప్పుకు చేరువైన జాతిగా ప్రకటించింది. పల్లె కంటే పట్టణపు పెరడే ఈ జంతువుకు మెరుగైన ఆశ్రయంగా మారడం వ్యవసాయ శాస్త్రం చదివినవారిని కలవరపెట్టవలసిన విషయం.

కారణాలు అనేకం. పొలాల మధ్యనున్న సజీవ కంచెలను తొలగించారు. వైవిధ్యం గల పచ్చికబయళ్ళు ఏకపంటలయ్యాయి. పురుగుమందులు పంటను తినే పురుగుతో పాటు ముళ్ళెలుక తినే పురుగును కూడా చంపాయి. రహదారులు ఆవాసాలను ముక్కలు చేశాయి. అంటే ముళ్ళెలుక పళ్ళెం ఖాళీ అయినది పెరట్లో కాదు, పొలంలో.

అక్కడి ఉద్యమం ఈ సత్యాన్ని గ్రహించింది. 1982లో ఏర్పడిన బ్రిటిష్ ముళ్ళెలుకల సంరక్షణ సంఘం మరొక సంస్థతో కలిసి 2011లో హెడ్జ్‌హాగ్ స్ట్రీట్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇరుగుపొరుగు కంచెలలో 13 సెంటీమీటర్ల చదరపు రంధ్రం చేయమన్నది దాని ముఖ్యమైన పిలుపు. ఒక రాత్రిలో కిలోమీటరుకు పైగా తిరిగే జంతువుకు ఆ ఒక్క రంధ్రం పది తోటల ఆహారాన్ని అందుబాటులోకి తెస్తుంది. నత్తల నివారణకు వాడే మెటాల్డిహైడ్ గుళికలను ఆరుబయట వాడడంపై 2022 మార్చి 31 తరువాత గ్రేట్ బ్రిటన్‌లో పూర్తి నిషేధం అమలులోకి వచ్చింది. ఒక మూల ఆకుచెత్తను, ఎండు కట్టెలను కదపకుండా వదిలివేస్తే అక్కడ పెంకుపురుగులు చేరతాయి. అది ఖర్చులేని, ఖనిజ సమతౌల్యం తప్పని ఆహారశాల.

మనకు వర్తించేది

మన దక్షిణ భారతదేశానికీ సొంత ముళ్ళెలుక ఉంది. మద్రాసు ముళ్ళెలుకగా పేరొందిన ఈ జాతి భారతదేశంలో తప్ప మరెక్కడా లేదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల మెట్ట ప్రాంతాలు, ముళ్ళపొదలు దీని నివాసం. పిల్లల కోరింత దగ్గుకు మందుగా భావించి తమిళనాడులో కొన్నిచోట్ల దీని ముళ్ళను, చర్మాన్ని వాడడం ఉంది. దీని కోసం మనం పెరట్లో గిన్నెలు పెట్టనవసరం లేదు; పట్టి పెంచడం అసలే తగదు. పొలం గట్లను పూర్తిగా చెక్కివేయకుండా ఉంచడం, గట్ల మీది పొదలకు నిప్పు పెట్టకపోవడం, ఆర్థిక నష్టస్థాయి చూడకుండా పురుగుమందు చల్లకపోవడం దానికి మనం పెట్టగల భోజనం. ఇవి సమగ్ర సస్యరక్షణలో మనం ఇప్పటికే చెబుతున్న మాటలే. నత్తల బెడద ఉన్నచోట మెటాల్డిహైడ్ గుళికలను సూచించేటప్పుడు, వాటిని ఇతర జంతువులు తినకుండా తీసుకోవలసిన జాగ్రత్తను కూడా అదే వాక్యంలో చెప్పడం మన బాధ్యత.

విస్తరణ కార్యకర్తలకు ఈ ఉదంతం నుండి మూడు విన్నపాలు. వద్దన్న ప్రతిదానికీ ప్రత్యామ్నాయం చూపండి. నిన్నటి సలహా నేడు తప్పని తేలితే దాచకుండా, కారణంతో సహా సరిదిద్దండి. కారణం తెలిసినవాడు తరువాతి తప్పును తానే గుర్తిస్తాడు. లక్షణానికి వైద్యం చెప్పి ఊరుకోకుండా మూలాన్ని కూడా చూపండి.

పళ్ళెంలో పాలు పోసిన చేతులలో దయకు కొదువ లేదు. కొరవడినది జ్ఞానం. ఆ జ్ఞానాన్ని అందించవలసిన వ్యవస్థ మనది. దయగల మనిషికి మంచి గిన్నెను చూపించి అక్కడే ఆగిపోకుండా, అతనిని చేయి పట్టి పొలం గట్టు దాకా తీసుకువెళ్ళినప్పుడే మన పని పూర్తి అవుతుంది.