యంత్రవేగానికి హద్దు ఏది?

మానవుడు స్వభావతః వేగప్రియుడు. ఎడ్లబండి నుండి రైలుబండికి, రైలుబండి నుండి విమానానికి అతడు సాగించిన ప్రయాణమంతా అందుకు నిదర్శనమే. నేటి మన విద్యార్థుల వేగప్రీతి మరొక రంగంలో ప్రవేశించింది. విడిభాగాలు కొని తెచ్చి ఇంటివద్దనే కంప్యూటరును కూర్చుకొనడం, ఆ పిమ్మట దాని ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి పరుగెత్తించడం వారికి వినోదమైంది. దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే వారికి ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. గణం తప్పితే పద్యం కుంటుతుందని నిత్యం చెప్పే వృత్తిలో ఉన్నవారము. లయ తప్పిన యంత్రాన్ని గురించి నాలుగు మాటలు చెప్పే అధికారం మాకును లేకపోలేదు.

ఈ వినోదాన్ని మేము నిరసించడం లేదు. దానికొక చరిత్ర ఉన్నది. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసరుకు నియమిత వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డులో బస్సు వేగాన్ని 66 నుండి 100కు మార్చినంతనే అది 450 వద్ద చాలామందికి నిక్షేపంగా పనిచేసింది. ఖరీదైన చిప్పు కొనలేని విద్యార్థికి అది వరమే. కాని ఆ కాలం వేరు. నాడు తయారీదారులు చిప్పులో కొంత సత్తువను వాడకుండా మిగిల్చి అమ్మేవారు. నేడు ఆ మిగులును వారే ముందుగా పిండుకొని, వేడి హద్దు దాటనంతసేపు వేగం దానంతటదే పెరిగే ఏర్పాటుతో అమ్ముతున్నారు. మన చేతికి వచ్చేది చాలావరకు పిప్పి.

ఆ పిప్పి కోసం చెల్లించే మూల్యం ఎంతో లెక్క వేసి చూడవలె. ప్రాసెసరు వినియోగించే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీతో అయితే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం పదిశాతం పెంచి, అది నిలవడానికి వోల్టేజీ కూడా పదిశాతం పెంచితే, వేడి సుమారు 33 శాతం పెరిగినట్లే. పదిశాతం లాభానికి ముప్పది మూడు శాతం పన్ను! ఏ వర్తకుడూ ఈ బేరానికి ఒప్పుకోడు. విద్యార్థి ఒప్పుకుంటాడు.

అరకులోయ ప్రాంతపు పూర్వవిద్యార్థి ఒకరు ఆ మధ్య మా వద్దకు వచ్చినప్పుడు తన యంత్రాన్ని గురించి ఎంతో గర్వంగా చెప్పినాడు. కొండమీద జనవరి చలిలో రాత్రంతా పరీక్షించినాడట. ఒక్కసారి కూడా ఆగలేదట. ఉద్యోగరీత్యా దానిని విశాఖపట్నం తెచ్చుకొన్నాడు. మే నెలలో అదే యంత్రం అరగంటకొకసారి హ్యాంగ్ కావడం, నీలితెర చూపించి తిరిగి మొదలు కావడం ఆరంభించింది. సముద్రపు ఉప్పుగాలి చిప్పును చెరచిందని అతని అనుమానం.

ఉప్పుగాలిని నిందించే ముందు కూడికలు చేయవలె. చిప్పు వేడి అంటే గది వేడి, దానిపై యంత్రం పెంచే వేడి, ఈ రెండూ కలిసినది. గది 12 డిగ్రీలుండగా యంత్రం మరొక 70 డిగ్రీలు చేర్చితే మొత్తం 82. ఏ చిక్కూ లేదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడి వాయుపీడనం తీరంలో కంటె ఇంచుమించు పదిశాతం తక్కువ. గాలి పలుచన, ఫ్యాను ఎంత తిరిగినా మోసుకుపోయే వేడి కొంత తగ్గుతుంది. కొండగాలి చల్లదనం ఆ లోటును కప్పిపుచ్చుతుంది. విశాఖలో చిక్కటి గాలి నాలుగైదు డిగ్రీలు తగ్గించి 66 చేసినదనుకొన్నా, గది 35 ఉంటే మొత్తం 101. అనేక ఇంటెల్ ప్రాసెసర్లకు 100, ఏఎండీ వారి రైజెన్ 7000 వరుసలో అనేకాలకు 95 డిగ్రీలు హద్దు. హద్దు తాకిన ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అంతకు ముందే, వేడెక్కిన చిప్పుకు చలిలో చాలిన వోల్టేజీ చాలక, లెక్క తప్పుతుంది. అతని యంత్రం చెడలేదు. అది ఏనాడూ నిలకడ గలది కాదు. అరకు చలి దాని దోషాన్ని దాచినది, అంతే.

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో శిమిలిగూడ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇనుపఖనిజం నింపిన బండి ఆ ఘాటీ దిగి వస్తున్నప్పుడు ఇంజనుకు శక్తి లేక నెమ్మదించదు; మలుపూ వాలూ సొరంగమూ బండి వేగాన్ని నిర్ణయిస్తాయి. డ్రైవరు ఇంజను సత్తా చూపించదలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

యంత్రం మొదలైతే చాలు, గెలిచినట్లేనని మన కుర్రవారు భావిస్తారు. ఇదే అసలు ప్రమాదం. ఆగిపోయే యంత్రం నిజాయితీ గలది. తన తప్పు తానే చెబుతుంది. ఆగకుండా తప్పు లెక్క వ్రాసే యంత్రం సంగతి ఏమిటి? ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టు ఫైలులో ఒక అంకె మారినా, స్కాలర్‌షిప్ దరఖాస్తు పత్రం భద్రపరచిన చోటనే చెడినా, ఆ నష్టం తెరమీద ఎర్ర అక్షరాలతో కనిపించదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ప్రారంభించిన కృషికి సాధనమైన ప్రైమ్95 ఇందుకే ఉపకరిస్తుంది. అది జవాబు ముందే తెలిసిన లెక్కలను యంత్రానికి ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని సరిపోల్చి, తేడా ఉంటే చెబుతుంది. మెమరీకి మెమ్‌టెస్ట్86 అట్టిదే.

తయారీదారులకు మాత్రం ఈ హద్దు బాగా తెలుసునా? 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అనేకం నిలకడ కోల్పోయిన ఉదంతం లోకవిదితమే. యజమానులలో ఓవర్‌క్లాకింగ్ జోలికి పోనివారూ ఉన్నారు. చిప్పు తనకు కావలసిన దానికన్న అధిక వోల్టేజీ కోరుతున్నదని సంస్థ ప్రకటించి, ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఏ సవరణా బాగు చేయలేదు. ఆటలు ఆడేవారికి కనిపించిన సందేశం వీడియో మెమరీ చాలదని. దోషం ఉన్నది ప్రాసెసరులో. యంత్రం చెప్పే కారణాన్ని యథాతథంగా నమ్మరాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

కావున చిక్కు వచ్చినప్పుడు మొదట బయాస్‌లో అన్నిటినీ తయారీదారు విలువలకు మరల్చవలె. తెర కూడా రాకపోతే సీఎంఓఎస్ సమాచారాన్ని జంపరు ద్వారానో, బ్యాటరీ తీసో చెరిపివేయవచ్చు. అప్పటికీ ఆగిపోతుంటే నేరం ఓవర్‌క్లాకింగ్‌ది కాకపోవచ్చు; దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిన పేస్టు, చవకబారు ఎస్‌ఎంపీఎస్, వదులైన మెమరీ, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. తాము ఏమీ పెంచలేదని ప్రమాణం చేసేవారు సైతం మెమరీకి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ పెట్టి ఉంటారు. అదీ ఓవర్‌క్లాకింగే. రైజెన్ 7000కు ఏఎండీ చెప్పిన మెమరీ వేగం 5200 కాగా, అంగడిలో 6000 అని ముద్రించిన మెమరీ కొని తగిలిస్తే, పరీక్ష లేకుండా అది నిలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? అన్నీ సరిగా ఉన్నాయని తేలిన పిమ్మట ఒక్కొక్క మెట్టే, ఒక్కసారికి ఒక్క మార్పే, ప్రతి మార్పూ నోటుపుస్తకంలో వ్రాస్తూ ఎక్కవలె. నిలిచిన చోటునుండి ఒక మెట్టు దిగి ఆగవలె.

కళాశాల సంఘంవారికి ఒక మనవి. ప్రయోగశాలలో పదిమందీ వాడే యంత్రాల బయాస్‌కు రహస్యపదం పెట్టించడం అవసరమే. అక్కడ ఒకరి సరదా ఇంకొకరి మార్కులను తినివేస్తుంది. అంతటితో సరిపెట్టక, మూలపడి ఉన్న పాత యంత్రాలలో ఒకదానిని ఈ ప్రయోగాలకే కేటాయించండి. చెడితే చెడనీయండి. ప్రక్కన ఒక నోటుపుస్తకం, గోడకొక ఉష్ణమాపకం ఉంటే చాలును. పరీక్ష మాత్రం మే నెల మధ్యాహ్నమే జరగవలె. జనవరి ఫలితాలను మేము అంగీకరించము.