మూలన పడ్డ కెమెరా మళ్ళీ తీస్తున్నారా? కంపెనీల గొడవ మనకొద్దు



డిగ్రీలో ఉన్నప్పుడు కెమెరా పట్టి, తర్వాత డీఎస్సీ అనో గ్రూప్స్ అనో ఉద్యోగమనో పక్కన పడేసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఇప్పుడు కొంతమంది మళ్ళీ మొదలుపెడదామంటున్నారు. సంతోషం. కానీ అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "అన్నా, నికాన్ తీసుకోనా, కానన్ తీసుకోనా, సోనీకి వెళ్ళిపోనా?" దానికి వచ్చే జవాబులు చూస్తే ఒళ్ళు మండుతోంది. ఒకడు సోనీ తప్ప మిగతావి కెమెరాలే కాదంటాడు. ఇంకొకడు కానన్ రంగులకు ఎవరూ సాటిరారంటాడు. మూడోవాడు ఫుల్ ఫ్రేమ్ లేకుండా ఫీల్డులోకి రావద్దంటాడు. పాపం అడిగినవాడు లక్ష దాటిన సామానుకు ఈఎంఐ లెక్కలు వేసుకుంటాడు, లేదా బెదిరిపోయి మళ్ళీ మానేస్తాడు.

ఈ గొడవ పెళ్ళి స్టూడియోలకు కావాలేమో. రోజుకు మూడు వేల క్లిక్కులు కొట్టేవాడికి, క్లయింటు ముందు పెద్ద కెమెరా కనపడాల్సినవాడికి అదొక లెక్క. యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పేవాళ్ళకు నెలకో కొత్త మోడల్ రాకపోతే పూట గడవదు. మనం ఎందుకు తీస్తున్నాం? ముందు అది తేల్చుకుంటే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

మన ఇళ్ళల్లో ఎవరైనా పోయినప్పుడు దండ వేయడానికి ఏ ఫోటో పెడుతున్నామో గుర్తు తెచ్చుకోండి. ఆధార్ కార్డు మీదదో, రేషన్ కార్డు మీదదో స్టూడియోకి తీసుకెళ్ళి పెద్దది చేయిస్తాం. వాడు వెనకాల నీలం రంగు వేస్తాడు, ముఖం తెల్లగా చేస్తాడు, మనిషికి లేని కోటు తొడుగుతాడు. పెద్దకర్మ రోజున ఆ ఫోటో చూసి మనవళ్ళు "ఇది నానమ్మేనా" అంటారు. అరవై డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి మిగిలిన బొమ్మ, ఆధార్ సెంటర్లో "కదలకు" అని గదమాయించి తీసినది. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుల మీద పేపర్లలో, టీవీల్లో ఎన్ని ఫోటోలొచ్చాయో మీకు తెలుసు. మంచం, మందుల కవరు, దీనంగా ఒక చూపు. వార్త కాబట్టి ఆ ఫోటోలు రావాల్సిందే. కానీ అదే మనిషి తీజ్ రోజున నవ్వుతూ ఆడిన ఫోటో ఎక్కడుంది? ఎవరి దగ్గరా లేదు. కెమెరా ఉన్నవాడు ఆ రోజు రాలేదు.

మన ఫోటోలు తీసినవాళ్ళు లేక కాదు. తెల్లదొరలు 1868 నుంచి 1875 వరకు "ది పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో ఎనిమిది సంపుటాలు వేశారు. జాతికో ఫోటో, కింద వాళ్ళ గుణం ఇదీ అని ఒక తీర్పు. అదే కాలంలో, 1871లో, నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకల వాళ్ళ మెడకు చుట్టుకుంది. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆయన కెమెరాతోపాటు తలలు, ముక్కులు కొలిచే పరికరాలు కూడా పట్టుకు తిరిగాడు. 1940ల్లో హైమన్‌డార్ఫ్ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఉండి తీసిన ఫోటోలు వేరే రకం. వాటిలో ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. అవి లండన్‌లో సోయాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన వాడింది ఏ కంపెనీ కెమెరా అని ఈ రోజు ఎవరూ అడగరు. ఆ ఫోటోల్లో ఉన్న చెంచుల ముని మనవడు ఎవరైనా తన ముత్తాత ముఖం చూశాడా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న.

ఇక మన కొండపల్లి సంగతి. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్ళు మూడు చోట్లకే వెళ్తారు: ఖిల్లా, బొమ్మల కాలనీ, మూలపాడులో సీతాకోకచిలుకల పార్కు. తెల్ల పొణికి చెక్కతో చేసిన ఏనుగు అంబారీని వెయ్యి మంది తీశారు. వెయ్యిన్నొకటోది మనం తీయకపోయినా నష్టం లేదు. మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు వైపు తండాల్లో సాయంత్రాలు, కృష్ణ ఒడ్డున తెల్లారకముందే వల వేసే యానాదులు, బుట్టలల్లే ఎరుకల అవ్వల వేళ్ళు, ఇవి తీయగలిగింది మనమే. ఎందుకంటే మనల్ని చూసి వాళ్ళు బిగుసుకుపోరు. ఆ లాభం ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మదు.

సరే, ఇప్పుడు కంపెనీల మాటకే వద్దాం. కంపెనీకి భక్తుడైతే ఏమవుతుందో చరిత్రే చెబుతుంది. కానన్ 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చి, అప్పటిదాకా ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్ళని నడి రోడ్డు మీద వదిలేసింది. అదే కానన్ 2012లో ఈఎఫ్-ఎమ్ అని చిన్న మిర్రర్‌లెస్ తెచ్చి, 2023లో దుకాణం కట్టేసింది. నికాన్ 2011లో "నికాన్ 1" మొదలుపెట్టి 2018లో ఆపేసింది. సోనీ 2006లో కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారం తీసుకుని ఏ-మౌంట్ నడిపింది, ఇప్పుడు దాన్నీ వదిలేసింది. ఒలింపస్ ఏకంగా కెమెరాల విభాగాన్నే అమ్మేసుకుంది. వాళ్ళకు మన మీద లేని విశ్వాసం వాళ్ళ మీద మనకెందుకు?

అందుకే నా మాట ఇది: కెమెరా పేరు పక్కన పెట్టి మౌంటు చూడండి. ఆ మౌంటు మన చుట్టుపక్కల ఇంకెంతమంది దగ్గరుందో చూడండి. ఒక్కొక్కరూ ఒక్కో కంపెనీ కొంటే ఎవరి లెన్సు వాళ్ళకే. నలుగురు ఒకే మౌంటులో ఉంటే నలుగురికీ నాలుగు లెన్సులు ఉన్నట్టే. ట్రాక్టరు, గడ్డి కోసే మెషీను పంచుకోవడం తెలిసిన మనకు ఇది కొత్త సంగతేం కాదు.

నన్నడిగితే, చేతిలో ఏమీ లేనివాళ్ళు పాత కానన్ ఈఎఫ్ వైపు వెళ్ళండి. కారణం రంగులూ కాదు, గొప్పా కాదు. 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులన్నిటికీ ఫోకస్ మోటారు లెన్సులోనే ఉంది. ఏ పాత కానన్ డీఎస్ఎల్ఆర్‌కి పెట్టినా ఆటోఫోకస్ పనిచేస్తుంది. రేపు మిర్రర్‌లెస్ కొన్నా అడాప్టర్‌తో అవే లెన్సులు నడుస్తాయి. నికాన్‌లో అలా కాదు. డి3000, డి5000 వరసలో వచ్చిన చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా దొరికిందని పాత 50 ఎంఎం 1.8డి కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. అదే డి90 గానీ డి7000 వరస గానీ అయితే ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఇంట్లో నికాన్ డి7200 పడి ఉన్నవాడు దాన్ని అమ్మి కానన్ కొంటానంటే నేనే తిడతాను. ఉన్నది తుడిచి వాడుకో తమ్ముడూ.

కానన్ కూడా సత్యహరిశ్చంద్రుడేం కాదు. కొత్త ఆర్ఎఫ్ మౌంటుకి బయటి కంపెనీలు ఆటోఫోకస్ లెన్సులు చేస్తుంటే 2022లో అడ్డం పడింది. 2024కి గానీ సిగ్మా, టామ్రాన్‌లకు దారి ఇవ్వలేదు, అదీ చిన్న సెన్సర్ లెన్సులకే. సోనీ తన ఈ-మౌంట్ వివరాలు 2011లోనే బయటివాళ్ళకు తెరిచింది. అందుకే దానికి చవక లెన్సులు ఎక్కువ. మీ ఊళ్ళో ముగ్గురి దగ్గర సోనీ ఏ6000 ఉంటే నాలుగోవాడు కూడా అదే కొనాలి. నా లెక్కలో కంపెనీ గెలవక్కర్లేదు, గుంపు గెలవాలి.

మిర్రర్‌లెస్ వాళ్ళు చెప్పేదాంట్లో ఒక్కటి మాత్రం నిజం. బటన్ నొక్కకముందే ఫోటో ఎంత వెలుగుతో వస్తుందో కంటికి కనపడుతుంది. మనకు అది ఎందుకు అక్కరకొస్తుందో చెప్తాను. కెమెరా మీటరు లోకమంతా మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందనుకుంటుంది. కాంచళి, పేటియా మీద అద్దాలు ఎండలో మెరిస్తే అబ్బో వెలుగెక్కువైంది అనుకుని ఫోటో చీకటి చేస్తుంది. అద్దాలు బాగుంటాయి, అమ్మ ముఖం బొగ్గవుతుంది. అలాంటప్పుడు స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద కొలవండి. అది నల్లటి ముఖాన్ని ఉన్నదానికంటే తెల్లగా చేయబోతుంది కాబట్టి మైనస్ వైపు కొద్దిగా జరపండి. అద్దాల్లో వెలుగు తెల్లగా పేలిపోతే పోనివ్వండి, ముఖం ముఖ్యం. ఎదురుగా ఫ్లాష్ అసలు కొట్టొద్దు, ప్రతి అద్దం దాన్ని తిరిగి మీ లెన్సులోకే విసురుతుంది. ఇదంతా పదేళ్ళ కిందటి డీఎస్ఎల్ఆర్‌లోనూ చేయొచ్చు. ఒక ఫోటో తీసి స్క్రీన్ చూసుకుని ఇంకోటి తీయాలి, అంతే.

"కానన్ స్కిన్ టోన్" అని మురిసిపోయేవాళ్ళకు ఒక మాట. కోడాక్ కాలంలో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి "షిర్లీ కార్డు" అని వాడేవారు. దాని మీద తెల్లమ్మాయి ఫోటో ఉండేది. ఆమె రంగు సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ళ ముఖాలు కనపడటం లేదన్న మాట కంటే, చాక్లెట్ రంగు, చెక్క సామాను రంగు తేలడం లేదన్న కంపెనీల గొడవే కోడాక్ చెవికి ముందు ఎక్కింది. ఈ రోజు ఫోన్లలో బ్యూటీ మోడ్ చేస్తున్న పని కూడా అదే. అడక్కుండానే మనల్ని తెల్లగా చేస్తుంది. "ఫోన్ చాలదా అన్నా" అనేవాళ్ళు ముందు ఆ మోడ్ ఆపి తీయండి, పగటిపూట నిజంగానే చాలు. రాత్రి తీజ్ ఆటలో, తెల్లవారుజాము ఏటి ఒడ్డున మాత్రం చాలదు. అక్కడ 1.8 అపర్చరున్న 50 ఎంఎం లెన్సు కావాలి. కొత్తదే పది వేల అటూ ఇటూ ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి.

పాతది బయటికి తీసేవాళ్ళు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ముందు లెన్సుని ఫోన్ టార్చి ముందు పెట్టి లోపలికి చూడండి. కృష్ణ ఒడ్డు తేమకు రెండేళ్ళు బ్యాగులో మగ్గిన లెన్సుకి సాలెగూడు లాంటి ఫంగస్ పడుతుంది. లోపలి గాజుకి పడితే బేరం వదిలేయండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. కొన్నాక బ్యాగులో దాచొద్దు. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద వైపు ఉండేవాళ్ళు బయట లెన్సు మార్చేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త.

మిగిలిన డబ్బు ప్రింట్లకు పెట్టండి. నాలుగు బై ఆరు ప్రింటు పదీ పదిహేను రూపాయలు. మొన్నామధ్య ఒక సంస్థ వాళ్ళు మా తండాకు వచ్చి రోజంతా ఫోటోలు తీసుకెళ్ళారు, ఇప్పటికీ ఒక్క కాగితం తిరిగి రాలేదు. మనం తీసింది నెలలోపు ఆ ఇంటికి చేరాలి. ఇన్‌స్టాలో పెట్టేముందు ఆ అక్కని అడగాలి. వద్దంటే పెట్టకూడదు. దీని మీద నాతో వాదనకు రావద్దు.

వచ్చే తీజ్‌కి కనీసం మూడు తండాల్లో ఇంటింటికీ పెద్దవాళ్ళ ఫోటో ఒకటి తీసి, ప్రింటు చేతికిద్దామని నా ప్రతిపాదన. మీ దగ్గర మూలన పడున్న బాడీ ఏది, లెన్సులు ఏవి, ఏ మండలం, ఇక్కడ రాయండి. పేరు పూర్తిగా గుర్తు లేకపోతే లెన్సు ముందు అంచు మీద రాసి ఉన్నది ఫోటో తీసి పెట్టండి, మౌంటు నేను చెప్తాను. కొత్తది కొనాలనుకుంటున్నవాళ్ళు ఈ లిస్టు తయారయ్యేదాకా రెండు వారాలు ఆగండి.