విద్యాలయములందు ఆటల సొమ్ము

2021 మార్చిలో అమెరికా కళాశాలల జాతీయ మల్లయుద్ధ పోటీలయందు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థి షేన్ గ్రిఫిత్ తన తరగతిలో విజేత యయ్యెను. నాడతడు ధరించినది నల్లని దుస్తు. దానిపై తన విద్యాలయము పేరు లేదు. కారణమేమన, 2020 జూలైలో ఆ విద్యాలయము మల్లయుద్ధము, కత్తిసాము, పడవ పందెములు మొదలగు పదునొకండు క్రీడలను రద్దుచేయ నిశ్చయించి యుండెను. పూర్వవిద్యార్థులు ఆందోళన సల్పి, ధనసహాయమునకు ముందుకు రాగా, 2021 మేలో ఆ నిర్ణయము ఉపసంహరింపబడినది. లోకమునందలి సంపన్న విద్యాలయములలో నొకటియే ఆటలకు సొమ్ము చాలదన్నచో, తక్కినవాని మాట చెప్పనేల?

ఈ విషయము మన కేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. తెలుగునాట భూమిని కుదువబెట్టియైనను బిడ్డలను అమెరికాకు పంపుచున్న కుటుంబములు కొల్లలు. అచటి పెక్కు చిన్న విశ్వవిద్యాలయములలో క్రీడాశాఖ లోటును పూడ్చుటకు విద్యార్థుల రుసుము నుండియే కొంత తీయుచుందురు. మన సొమ్ము చేరుచున్న చోటి లెక్క మన మెఱిగియుండుట యుక్తమే.

అమెరికాలో ఫుట్‌బాలు అనునది మన మెఱిగిన ఆట కాదు. కోలబంతిని చేతబట్టుకొని, శిరస్త్రాణములు ధరించి, ఒకరి నొకరు ఢీకొను ఆట. 1905లో ఈ ఆటలో యువకులు మరణించుట చూచి దేశము కలవరపడగా, మరుసటి యేట వెలసినదే నేడు ఎన్.సి.ఏ.ఏ. అని పిలువబడు కళాశాలల క్రీడాసంఘము. ప్రాణరక్షణకై పుట్టిన సంఘము నేడు ధనరాసులకు కాపరి యైనది. పురుషుల బాస్కెట్‌బాలు పోటీల ప్రసారమునకై 2016లో అది కుదుర్చుకొన్న ఎనిమిదేండ్ల పొడిగింపు ఒప్పందము విలువ 880 కోట్ల డాలర్లు. ఫుట్‌బాలు ప్రసారముల సొమ్ము వేరు.

ఈ రెండు ఆటలు తప్ప తక్కినవి సామాన్యముగ ఆదాయము తెచ్చునవి కావు. ఈత, కుస్తీ, పరుగు, జిమ్నాస్టిక్సు మొదలగునవి ఫుట్‌బాలు సొమ్ముతో బ్రతుకుచు వచ్చినవి. ఇది కాలువ చివరి పొలముల బ్రతుకు వంటిది. తల దగ్గర పొలము తడిసి పొర్లిననే గాని చివరకు నీరు దిగదు.

ఇంతకాలమును ఫుట్‌బాలు ఆడు యువకునకు లభించినది విద్యార్థివేతనము మాత్రమే. లాభము పంచుకొను వాటాదారులు విద్యాలయములకు లేరు గనుక, వచ్చిన సొమ్మెల్ల శిక్షకుల జీతములకును, క్రీడాసౌధములకును ప్రవహించెను. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయము ఫుట్‌బాలు శిక్షకుడైన జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు, ఒప్పందము ననుసరించి ఆతనికి చెల్లింపవలసి వచ్చినది 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైమాట. అది పని చేసినందుకు గాదు, ఇక చేయవలదన్నందుకు!

ఈ అన్యాయముపై క్రీడాకారులు న్యాయస్థానముల కెక్కిరి. 2021లో సుప్రీముకోర్టు ఆల్‌స్టన్ వ్యాజ్యమున ఏకగ్రీవముగ వారి పక్షమున తీర్పు చెప్పెను. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ప్రకారము, పూర్వక్రీడాకారులకు పదేండ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లింపవలెను. 2025-26 విద్యాసంవత్సరమునకు ఒక్కొక్క విద్యాలయము తన క్రీడాకారులకు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచవచ్చును. ఒక్క శిక్షకుని తొలగించుటకు వెచ్చించినది ఒక విద్యాలయపు క్రీడాకారులందరి మూడేండ్ల వాటాను మించిన దని పాఠకులు గమనింతురు గాక.

కూలి చేసినవానికి కూలి దక్కుట ధర్మము. అందు మాకు సందేహము లేదు. అయితే ఆ కూలి ఎవరి గాదెనుండి వచ్చుచున్నది? కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విద్యాలయము 2025 మార్చిలో స్త్రీపురుషుల ఈతజట్లను రద్దుచేయుచు, రానున్న ఈ రాజీని కారణములలో నొకటిగ పేర్కొనెను. తల దగ్గరి తూము మూయుటకు చేయి రాక, చివరి పొలమును ఎండగట్టుట యన్న నిదియే.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు ఆడువారిలో నల్లజాతి యువకులు అనేకులు; వారిలో బీదకుటుంబముల బిడ్డలు తక్కువ కాదు. పడవ పందెములు, కత్తిసాము మొదలగునవి ఎక్కువగ కలవారి బిడ్డల ఆటలు. బీదవాని చెమటతో ధనికుని వినోదమును పోషించుట యేమి న్యాయమని వారడుగుచున్నారు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని కుస్తీ, పరుగు ధనికుల సొత్తు గావు. పైగా ఫుట్‌బాలు యువకుని వాటాను ఇన్నాళ్లు ఆరగించినది ఈతగాడు మాత్రమే కాదు. వానికంటె వేయిరెట్లు ఆరగించినవారు పెద్ద పీటలమీదనే కూర్చుండి యున్నారు.

స్త్రీలకు సమానావకాశము లీయవలెనని 1972లో చేసిన టైటిల్ నైన్ చట్టమే పురుషుల చిన్న ఆటలను చంపినదని మఱికొందఱి వాదము. ఇదియు సరిగాదు. కొత్త నియమముల ప్రకారము ఒక్క ఫుట్‌బాలు జట్టునందే 105 మంది వరకు ఉండవచ్చును. పురుషుల పాలులో అంత భాగము ఒక్క ఆటయే ఆక్రమించినపుడు కుస్తీవానికి చోటు లేకపోవుట స్త్రీల దోషమా?

నష్టము దేశమంతటిది. పెక్కు దేశములలో ఒలింపిక్ క్రీడలకు ప్రభుత్వము యువకులను సిద్ధపరచును. అమెరికాలో ఆ భారము చాలవరకు కళాశాలలదే. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో జిమ్నాస్టిక్సునందు కంచుపతకము గెలిచిన అమెరికా పురుషుల జట్టు ఐదుగురును స్టాన్‌ఫర్డు, మిచిగన్, పెన్ స్టేట్ విద్యాలయముల బిడ్డలే. 2008 తరువాత ఆ జట్టుకు పతకము వచ్చుట అదియే ప్రథమము. అట్టి క్రీడను పోషించు విద్యాలయములు నేడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. విత్తనపు వడ్లను దంచుకొని తినువాడు మరుసటి యేట ఏమి చల్లగలడు?

మార్గములు లేకపోలేదు. శిక్షకుల జీతములకు విద్యాలయములు తమలో తాము హద్దు పెట్టుకొనరాదని 1998లోనే ఒక అప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పి యుండెను. కావున ఆ హద్దు నేర్పరుపవలసినది కాంగ్రెసు చేయు చట్టము. చట్టము వచ్చులోపల, తొలగించినను కోట్లు చెల్లించు ఒప్పందములపై చేవ్రాలు చేయకుండుటకు ఏ విద్యాలయపు పాలకులకును అడ్డు లేదు. రెండవది, పసిఫిక్ తీరమునందలి స్టాన్‌ఫర్డు ఫుట్‌బాలు సొమ్మునకై 2024లో అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరగా, తక్కిన జట్లలో పెక్కింటికి పోటీలకై దేశముకొనకు విమానయానము తప్పకున్నది. ఫుట్‌బాలు ఎంత దూరమైన పోవుగాక. తక్కిన ఆటలు ఇరుగుపొరుగు విద్యాలయములతో ఆడుకొన్నచో ఖర్చు తగ్గును, చదువు నిలుచును.

విద్యాలయమునందు ఆట యేల? దేహమును, ధైర్యమును, తోడివానితో కలసి నడచు శీలమును అలవరచుటకు. టిక్కెట్టు అమ్ముడుపోవు ఆటయే ఆట యన్నచో, ఉద్యోగము తెచ్చు చదువే చదువనియు, ధర పలుకు కవిత్వమే కవిత్వమనియు అనక తప్పదు. అట్లన్ననాడు ఆ సంస్థకు వినోదశాల యను పేరు చాలును; విద్యాలయ మను పేరెందుకు?