సెక్యూరిటీ అంటే గేటు దగ్గర నిలబడడమేనా?

 

మా బాబాయి హైటెక్ సిటీలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. నేను సైబర్ సెక్యూరిటీ నేర్చుకుంటానంటే ఊళ్లో "మీ బాబాయి లాగేనా?" అన్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. ఆ పని తక్కువని కాదు. మనోళ్లకు సెక్యూరిటీ అంటే గేటు వరకే అని అందరం ఒప్పేసుకున్నందుకు.

ఆ బిల్డింగుల లోపల చేసే కాపలాలో హనీపాట్ అని ఒక పద్ధతి ఉంది. పేరే కొత్త, ఉపాయం మన తాతలదే. బుట్టలో పెంపుడు కౌజు పిట్ట కూస్తుంటే అడవి కౌజులు దగ్గరకొచ్చేవి. దాన్నే దీమం అంటారు. హనీపాట్ కూడా దీమమే. ఒక ఉత్త కంప్యూటర్‌ని అసలు సర్వర్ లాగా కనిపించేటట్టు పెడతారు. దాంతో ఎవరికీ పనుండదు కాబట్టి, ముట్టుకున్నోణ్ణి అనుమానించాల్సిందే. వాడు కొట్టిన పాస్‌వర్డ్‌లు, ఇచ్చిన కమాండ్లు అన్నీ రికార్డవుతాయి.

1986లో అమెరికాలోని బర్క్‌లీ ల్యాబ్ లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఆయన దాని వెంటపడి, దొంగ ఫైళ్లు ఎరగా పెట్టి, పశ్చిమ జర్మనీలో ఉన్న హ్యాకర్ ఆచూకీ పట్టించాడు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త!

మన హైదరాబాద్‌లోనే 2022 జనవరిలో మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు దొంగ మెయిళ్లు పంపి లోపలికి దూరారని పోలీసులు చెప్పారు. అలా దూరినోడు లోపల వెతుక్కుంటూ తిరిగేటప్పుడు దీమాన్ని ముట్టుకుంటే, డబ్బు పోకముందే తెలిసే అవకాశం ఉంటుంది. మన స్కాలర్‌షిప్, అమ్మానాన్నల ఉపాధి కూలి పడేది కూడా బ్యాంకుల్లోనే కదా.

అందుకే నేననేది, మన కాలేజీ ల్యాబుల్లో ఎంఎస్ ఆఫీస్‌తో ఆపకుండా ఇది కూడా నేర్పాలి. కౌరీ అనే హనీపాట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత కంప్యూటర్ చాలు. కాకపోతే సార్ల పర్మిషన్ లేకుండా పెట్టొద్దు. అసలు నెట్‌వర్క్‌కి కలపనే కలపొద్దు. కలిపితే వచ్చినోడు దాని మీద నుంచే పక్క సిస్టమ్‌లలోకి దూకొచ్చు.

అడుగుజాడ చూసి ఏ జంతువు వెళ్లిందో చెప్పిన వాళ్ల మనవలం మనం. ఈ జాడలు కూడా చదవగలం. నేర్పేవాళ్లు కావాలి, అడిగేవాళ్లం కావాలి. ముందు మనం అడుగుదాం.